మా మామ పై పన్ను

మొన్న దసరా ముందు నాకు ఎడమ దవడలో పై పన్ను ఒకటి కదలడం మొదలుపెట్టింది. ముద్దను కుడివైపుకు నెట్టుకుని నములుతున్నానని ఎట్లా కనిపెట్టిందో గానీ, మా మనుమరాలు ఒకనాడు పొద్దున్నే నన్ను ఆటో ఎక్కించి సిద్దిపేట బస్టాండు అవతల ఉన్న పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ డాక్టరమ్మ మా మనుమరాలి కంటే చిన్నపిల్ల. నన్ను వాలు కుర్చీలో పడుకోబెట్టి, నోట్లోకి లైటు కొట్టి చూసి, ఇది పై పన్నే కదా, సూది ఇస్తే పీకినట్టు కూడా తెలియదని నవ్వుతూ చెప్పింది. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి నాకు తెలియకుండానే పోయి ఎడమ కన్ను మూసింది. లైటు కంట్లో పడుతోందా అమ్మమ్మా అని ఆ పిల్ల అడిగింది, నేను అవునన్నాను. అంతకంటే ఏం చెప్పను? మా ఈడు వాళ్ళెవరైనా పక్కనుంటే చెప్పకుండానే అర్థం చేసుకునేవాళ్ళు. పై పన్ను పీకితే ఆ వైపు కన్ను పోతుందని మన పెద్దలు ఎంత గట్టిగా నమ్మేవాళ్ళో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ నమ్మకం మా ఇంట్లో చేసిన పని మాత్రం మీకు తెలియదు.

నేను కాపురానికి వచ్చింది నిజాం సర్కారు చివరి రోజుల్లో, పెద్ద యుద్ధం ముగిసి నూలు ఇంకా దొరకీ దొరకకుండా ఉన్న కాలంలో. మా పుట్టిల్లు దౌల్తాబాద్, మెట్టినిల్లు సిద్దిపేటలో నేతవాళ్ళుండే సాలెవాడ. మా అత్త నేను రాకముందే కాలం చేసింది. ఇంట్లో మా మామ, అంటే మా ఆయన తండ్రి, మా ఆయన, నేను, అంతే. మా ఆయనకు ఒక అక్క ఉండేది, నాకు వదిన. ఆమెను చిన్నకోడూరులో ఇచ్చారు గానీ, తల్లి లేని ఇల్లని నెలకోసారి వచ్చి, ఉప్పు ఎక్కడుంది, పప్పు ఎంతుంది అని చూసి, నన్ను నాలుగు మాటలని పోతుండేది. మంచిదే, నోరు మాత్రం పెద్దది.

ఆ రోజుల్లో కోడలు మామ ఎదుట పడేది కాదు. పడితే కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కకు తిరిగి నిలబడాలి. నేరుగా మాట్లాడటం అన్న మాటే లేదు. అన్నం పళ్ళెం గడప ఇవతల పెట్టి గాజులు చప్పుడు చేస్తే ఆయన వచ్చి తీసుకునేవాడు. ఏదైనా చెప్పవలసి వస్తే మా ఆయనతో చెప్పాలి, ఆయన ఇంట్లో లేకపోతే గోడతో చెప్పినట్టు, పిల్లితో చెప్పినట్టు పైకి అనాలి. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఆ ఇంట్లో నేను పిల్లితో మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడలేదు. అయినా మామంటే నాకు భయం లేదు. ఆయన ఏనాడూ కూరలో ఉప్పు తక్కువైందని అన్నవాడు కాదు.

మా మామకు ఉన్నది ఒక్కటే కన్ను. చిన్నతనంలో అమ్మవారు పోసి కుడి కన్ను తీసుకుపోయింది. మిగిలిన ఎడమ కంటితోనే ఆయన చీరల కొంగుల్లో బొమ్మలు లేపేవాడు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని, తల కొంచెం కుడికి వంచి, ఆ ఒక్క కంటితో పోగులు లెక్కబెట్టుకుంటూ నేస్తుంటే చిలుకలు, కడవలెత్తిన ఆడవాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు. మా ఆయనకు సాదా బట్ట నేయడమే వచ్చు, బొమ్మ పని ఇంకా చేతికి రాలేదు. అందుకని మా ఇంటి కూడు ఆ కంటి మీదే నడిచేదని చెప్పాలి. పెండ్లిళ్ళ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, పిల్లకు కట్టబెట్టే చీర ఆ ఒంటికన్ను తాతే నేయాలని కూర్చునేవాళ్ళు.

నేతపని కంటిని తింటుందని అందరూ అంటారు గానీ, నోటిని కూడా తింటుందని ఎవరూ అనరు. పోగుల నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారం కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నాడెకున్న సన్న బెజ్జంలోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. తెగిన పోగును పంటితో కొరకాలి. రోజంతా అదే పని. దానికి తోడు మా మామ తంబాకు, సున్నం కలిపిన ఆకు ముద్దను ఎడమ బుగ్గన పెట్టుకుని మధ్యాహ్నం దాకా అట్లాగే ఉంచేవాడు. పొద్దున యాపపుల్ల నమలడం ఉండేది, కాదనను, అయితే అది నాలుగు నములు నమిలి ఊసేయడమే. తిన్న తరువాత పుక్కిలించడం ఆయనకు బద్ధకం. మా తరంలో మగవాళ్ళకు నోరంటే తినడానికి, తిట్టడానికి తప్ప చూసుకోవడానికి కాదు కదా.

పన్ను నొప్పి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నా పళ్ళెం. జొన్నరొట్టె అంచులు మిగిలి రావడం మొదలైంది, తరువాత రొట్టె సగం వచ్చింది, తరువాత మెత్తగా జారే గట్క మాత్రమే పోయి రొట్టె రొట్టెలాగే తిరిగి వచ్చింది. ఆయన ఉమ్మిన చోట నీళ్ళు చల్లేది నేనే, అందులో ఎరుపు చూస్తే ఆకు రసమో నెత్తురో నాకు తెలియదా? పంటి బిగువున ఓర్చుకోవడం అంటారు, పన్నే నొప్పి పెడుతుంటే పాపం దేన్ని బిగిస్తాడు? నేను మా ఆయనకు చెప్పాను. ఆయన అడిగితే, ఏం లేదు పోరా అన్నాడట.

అక్కడి నుంచి ఇంటి వైద్యం మొదలైంది. లవంగం పెట్టారు, తగ్గలేదు. ఎవరో చెప్పారని జిల్లేడు పాలు పత్తితో అద్దారు, చిగురు పొక్కిపోయి రెండు రోజులు నీళ్ళు కూడా తాగలేకపోయాడు. ఊళ్ళు తిరిగే మందులామె ఒకతె వచ్చి, పంట్లో పురుగు ఉందని, నిప్పుల మీద ఏవో గింజలు వేసి గొట్టంతో నోట్లోకి పొగ పట్టించి, గిన్నెలో నీళ్ళ మీద తేలిన తెల్లటి పోచలను చూపించి ఇవే పురుగులంది. వాడకట్టంతా చూసి అబ్బురపడింది. ఆమె పోయిన తరువాత ఆ గిన్నె కడిగింది నేను. మిగిలిన గింజ ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల అదే తెల్ల పోచ ఉంది. అయితే ఆ మాట నేను ఎవరికి చెప్పాలి? పిల్లికి చెప్పాను.

చెంప వాచింది. మా ఆయన నచ్చజెప్పి, పోనీ ఒకసారి చూపించుకుందాం రమ్మని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చూసి ఆ పన్ను ఇప్పుడే తీసేయాలన్నాడట. ఏ పన్ను అని మామ అడిగాడట, ఎడమ పై పన్ను అన్నాడట డాక్టరు. మామ లేచి రుమాలు తలకు చుట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

ఆయన భయం పిరికితనం కాదు. ఉన్నది ఒక్క కన్ను, అది ఎడమది, చెడిన పన్ను దాని కిందనే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ సంగతి తెలిసి వదిన చిన్నకోడూరు నుంచి ఏడుస్తూ వచ్చింది. నాకు ఆ నమ్మకం ఒట్టిదని తెలుసు. ఎట్లా తెలుసంటే, మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లికి, పై పండ్లు రెండు మా మేనమామ పట్టకారుతో పీకాడు, ఆమె ఇంకా దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఈ మాట మా ఆయనతో చెప్పాను. ఆయన వదినతో చెప్పాడు. వదిన గడప ఇవతలికి వచ్చి నా ఎదుట నిలబడింది.

“మీ అవ్వకు రెండు కండ్లున్నయి. ఒకటి పోయినా ఇంకోటుంటది. మా బాపుకు ఎన్నున్నయే? నువ్వు పెడ్తవా ఒకటి?”

  మా ఆయనేమో, తాను బలవంతంగా పీకించి రేపు కన్ను పోతే తండ్రి కన్ను పొడిచినవాడని లోకం అంటుందని తల పట్టుకుని కూర్చున్నాడు. తప్పు ఆయనదీ కాదు. నేను తలుపు చాటున నిలబడి, మగ్గం చప్పుడు ఆగడం, మళ్ళీ మొదలవడం, మళ్ళీ ఆగడం వింటూ ఉండేదాన్ని. నా నోరు బాగానే ఉంది, పండ్లు బాగానే ఉన్నాయి, మాట మాత్రం లేదు.

నాకు లేని మాట మా అవ్వకు ఉందని ఒకనాడు తోచింది. వియ్యపురాలు వియ్యంకుడితో మాట్లాడవచ్చు కదా! దౌల్తాబాద్ పోతున్న బండివాళ్ళతో కబురు పెట్టాను. మా అవ్వ ఆ వారంలోనే సజ్జ అప్పాలు మూటగట్టుకుని వచ్చింది. చూడటానికి గుప్పెడు మనిషి, మాట మాత్రం ధాటి. కాళ్ళు కడుక్కుని నేరుగా పోయి మగ్గం ముందు చతికిలబడింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

“అన్నా, గిటు చూడుండ్రి,” అని నోరు తెరిచి వేలితో చిగురు చూపించింది. “గిదొకటి, గిదొకటి. రెండూ పైవరస పండ్లే. పీకి ఎన్నేండ్లాయెనో నాకే యాదిలేదు. ఏదీ, మీ దారం గిటియ్యిండ్రి.”

మామ ఇచ్చాడు. ఆమె కొంగున గుచ్చుకున్న సూది తీసి, మగ్గం గుంట చీకట్లో, ఒకసారి ఇటు ఒకసారి అటు కన్ను మూసి చూపించి మరీ దారం ఎక్కించింది. మామ ఆ సూదిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వాచిన చెంపతో నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

“సరే చెల్లె,” అన్నాడు. “పీకిచ్చుకుంట. గని మగ్గం మీదున్న గీ చీర దించినంక. కన్ను ఉంటదో ఊడుతదో, పెండ్లిపిల్ల చీర నడుమ ఇడిసిపెట్టి పోను.”

మా అవ్వ ఎంతో చెప్పింది, చీర ఎక్కడికి పోతుందని గదమాయించింది కూడా. ఆయన వినలేదు. కన్ను పోతే ఆ బొమ్మలు ఇంకెవరూ పూర్తి చేయలేరు, సగంలో కోసిన పెండ్లి చీర పిల్లకు అరిష్టం అన్నది ఆయన పట్టుదల. నమ్మీ నమ్మనట్టు ఒప్పుకున్నాడన్నమాట, పోతే పోయే కన్నుతో చేయవలసిన పని ముందు చేసేయాలనుకున్నాడు.  చీర ఎంత తొందరగా దిగితే అంత మేలని మేమూ అనుకున్నాం.

అయితే వాచిన దవడతో ఆయన నాడెలో దారం పీల్చలేకపోయాడు. పెదవులు దగ్గరికి రావు, వస్తే గాలి నిలవదు. మా ఆయన బజారు పోయిన వేళ మగ్గం ఆగిపోయింది. నేను తలుపు దగ్గర కండెలు చుడుతున్నాను. కొంతసేపటికి మామ తోసిన నాడె నేల మీద జారుతూ వచ్చి గడప దగ్గర ఆగింది.  నేను కొంగు సరిచేసుకుని, నాడె తీసుకుని, దారం కొసను పీల్చి లాగి, మళ్ళీ గడప మీదుగా జార్చాను. ఎంగిలని ఆయన అనలేదు, నేనూ అనుకోలేదు. ఆ నాటి నుంచి చీర దిగేదాకా కండె మారినప్పుడల్లా నాడె వస్తూ పోతూ ఉండేది. మామా కోడళ్ళం మేం మాట్లాడుకున్న మాటలు అవే. నాడె కర్రకు ఆయన చేతి వేడి ఉండేది, జ్వరం ఎంత పెరుగుతున్నదో నాకు దాన్ని బట్టే తెలిసేది. మా ఆయనకు చెబితే ఆయన వెళ్ళి తండ్రి ముందు నిలబడి బతిమాలి తిరిగి వచ్చేవాడు.

చీర దించిన నాడు మామ దాన్ని మడత పెట్టలేకపోయాడు. ఎడమ కన్ను వాపుకు పూర్తిగా మూసుకుపోయింది. తెల్లవారేసరికి ఒళ్ళు తెలియని జ్వరం. బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఆ పన్ను పీకితే చీము కారిందట. పాపం ఆయన చేయగలిగినంతా చేశాడు, రోజూ కడిగాడు, ఉన్న మందులు ఇచ్చాడు. ప్రాణం దక్కింది, వాపు దిగింది, రెప్ప తెరుచుకుంది. తెరుచుకున్న కంట్లో మాత్రం వెలుగు లేదు. చీము కంటిదాకా పాకింది, వాపు మొదలైనప్పుడే పన్ను తీయించి ఉంటే కన్నుకు ఏమీ అయ్యేది కాదు అని డాక్టరు మా ఆయనకు విడమరిచి చెప్పాడు.

ఆ మాట విన్నది మా ఆయన ఒక్కడే. ఊరు చూసింది వేరు. ఊరు చూసిందేమిటంటే, పై పన్ను పీకారు, కన్ను పోయింది. సాలెవాడలో ఆ తరువాత ఎన్నో ఏళ్ళు, ఎవరికి పన్ను నొచ్చినా మా మామ పేరు చెప్పి దవాఖానకు పోకుండా ఆపేవాళ్ళు. ఎంతమంది ముసలివాళ్ళు ఆ పేరు చెప్పుకుని చెడిన పండ్లతో చీము మింగుతూ బతికారో, అట్లాగే పోయారో! మా ఆయన మొదట్లో చెప్పి చూశాడు. కండ్ల ముందర కనవడుతుంటె ఇంకేం చెప్తవు అని నవ్వారు. వదిన మా అవ్వతో జన్మలో మళ్ళీ మాట్లాడలేదు. “సూదిల దారమెక్కిచ్చి మా బాపు కన్ను కుట్టింది” అని నా ముఖం మీదే అంది. మా అవ్వ ఆ మాట విని ఒక్కటే అడిగింది నన్ను, నేను రాకపోతే బాగుండేదా బిడ్డా అని.  నాకు ఏడుపు వచ్చింది.

ఆ తరువాత మా ఇంట్లో ఒక వింత జరిగింది. చూపు లేని మామ ముందు కొంగు ఎవరికోసం? ఆయనను చెయ్యి పట్టుకుని నడిపించడానికి మా ఆయన రోజంతా ఉండలేడు, సాదా బట్ట నేసి ఇల్లు గడపాలి. అన్నం ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో నేను చెప్పకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది? మొదట పిల్లితో అన్నట్టే అన్నాను. ఆయన కాసేపు విని, “పిల్లి లేదుగదా బిడ్డా గీడ, నాతోనే చెప్పు” అన్నాడు. అట్లా మాట కలిసింది. ఇంత మాటకారి మామ ఇన్నాళ్ళు గడప అవతల ఉన్నాడా అనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గానీ, ఆయన నోటిని నేను చూసుకున్నంతగా నా పిల్లల నోళ్ళు కూడా చూసుకోలేదు. పొద్దున యాపపుల్ల కొస రాతితో మెత్తగా నలగ్గొట్టి ఇచ్చేదాన్ని. తిన్నప్పుడల్లా గోరువెచ్చని ఉప్పు నీళ్ళు పుక్కిలించమనేదాన్ని, డాక్టరు చెప్పిన మాట అది. తంబాకు మానిపించలేకపోయాను, బుగ్గన దాచుకోవడం మాత్రం మానిపించాను. చేతకాని రోజున మెత్తటి గుడ్డ ఉప్పు నీళ్ళలో ముంచి మా ఆయన చేత చిగుళ్ళు తుడిపించేదాన్ని. మిగిలిన పండ్లు చివరిదాకా నిలిచాయి. రొట్టె మళ్ళీ కరకరలాడించి తినేవాడు. అది చూసి సంతోషపడేదాన్ని, వెంటనే ఇది ముందే జరిగి ఉంటే అనుకునేదాన్ని, అనుకుని ఏం లాభం అని లేచిపోయేదాన్ని.

రజాకార్ల గడబిడ అణిగిన ఏడాది చలికాలంలో ఆయన మంచం పట్టాడు. నాకు అప్పటికి పెద్దకొడుకు ఒళ్ళో ఉన్నాడు. ఒకనాడు పిల్లవాడి ముఖం తడిమి చూసి, ముక్కు ఎవరిది, గడ్డం ఎవరిది అని అడుగుతూ ఉన్నాడు. గడ్డం నాదే మామా అన్నాను. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“పెండ్లిల చూసిన నిన్ను. గప్పుడు గింతంత పిల్లవు, మొకం నిండ పసుపు. కాపురానికొచ్చినంక కొంగు తియ్యకపోతివి. నువ్వెట్లుంటవో నాకెరుకనే లేదు బిడ్డా.”

 చూపున్నన్నాళ్ళు ఆయనకు నా ముఖం చూపించలేదు, చూపించగలిగేనాటికి ఆయనకు చూపు లేదు. నల్లగ ఉంట మామా, పండ్లు మాత్రం తెల్లగున్నయి అని ఏదో నవ్వులాటగా అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నెల దాటకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ ఒళ్ళోని పిల్లవాడు డెబ్బై దాటిన ముసలివాడు, మా పెద్దకొడుకు. వాడి కోడలు పొద్దున్నే వాడి ఎదుట నడుము మీద చెయ్యి పెట్టి నిలబడి, నోరు తెరవండి మామయ్యా, మళ్ళీ బ్రష్షు సరిగ్గా చేయలేదు అని కసురుతుంది. వాడు గొణుగుతూ నోరు తెరుస్తాడు. చిగురు నుంచి నెత్తురు వస్తే ఆ పిల్ల ఎవరినీ అడగదు, బండి ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. పక్కింటివాళ్ళు వింటే ఏమనుకుంటారని వాడు విసుక్కుంటాడు గానీ, నేను మాత్రం ఆ కసురు వినడానికే పొద్దున పెందలాడే లేచి వరండాలో కూర్చుంటాను. ఏమంత గొప్ప మాట అది! ఇంట్లో వండి పెట్టే మనిషి, తినే మనిషి ముఖం చూసి అనే ఒక్క మాట. ఆ మాట నాకు కూడా ఉండి ఉంటే, మా మామ నన్ను చూసి పోయేవాడు.